గడప దాటనివ్వని చట్టం
సరిహద్దులూ మనమూ: ధారావాహిక, 9వ భాగం

డాలస్‌లో ఉన్న కూతురి కాన్పుకు వెళ్లాలని నంద్యాల నుంచో ఆళ్లగడ్డ నుంచో ఒక తల్లీ తండ్రీ బయల్దేరారనుకోండి. ముందుగా విజిటర్ వీసాకు డీఎస్-160 అనే ఆన్‌లైన్ ఫారం నింపాలి. పేరు, పాస్‌పోర్టు నంబరు, కూతురి చిరునామా అయ్యాక భద్రత ప్రశ్నలు వరసగా వస్తాయి. అంటురోగాలున్నాయా, మత్తుమందుల కేసులున్నాయా, ఉగ్రవాద సంస్థల్లో పనిచేశారా అని అడుగుతాయి. ఆ వరసలోనే ఇంకో ప్రశ్న ఉంటుంది. ప్రభుత్వాధికారిగా ఉన్న కాలంలో మీరు ఎప్పుడైనా మతస్వేచ్ఛను అత్యంత తీవ్రంగా ఉల్లంఘించిన ఘటనలకు బాధ్యులయ్యారా, లేదా స్వయంగా పాల్గొన్నారా? ఇదేం ప్రశ్న అని రిటైరైన పంతులుగారు కళ్లజోడు సర్దుకునేలోపే కన్సల్టెన్సీ కుర్రాడు ‘ఇవన్నీ నో యే సార్’ అంటూ నొక్కేసి కింది ప్రశ్నకు వెళ్లిపోతాడు.

పోయిన వారం పాస్‌పోర్టు ఎలా పుట్టిందో చెప్పుకున్నాం. ఈ వారం ఆ ఒక్క ప్రశ్న సంగతి. దాని వెనక 1998లో పుట్టిన ఒక చట్టం ఉంది, 2005లో రెండు దేశాల మధ్య నడిచిన రగడ ఉంది. మతం విషయంలో ఎవరిని రానివ్వాలి, ఎవరిని ఆపాలి అన్న ప్రశ్న మాత్రం అంతకంటే చాలా పాతది. ఆ పాత కథ కోసం నంద్యాల జిల్లా దాటి పోనక్కర్లేదు.

అహోబిలం శాసనం

ఆళ్లగడ్డ నుంచి నల్లమల వైపు పాతిక ముప్ఫై కిలోమీటర్లు వెళితే అహోబిలం. అక్కడ 1584-85 నాటి శాసనం ఒకటి ఉంది. గోల్కొండ సుల్తాను ఇబ్రహీం కుతుబ్ షా సేనలు, హండె నాయకులు కలిసి అహోబిలాన్ని పట్టుకుని అయిదారేళ్లు తమ చేతిలో ఉంచుకున్నారని ఆ శాసనం చెబుతుంది. మఠాధిపతి వణ్ శఠగోప జియ్యరు విజయనగర రాజు శ్రీరంగరాయలకు మొర పెట్టుకుంటే, కొండరాజు వంశానికి చెందిన వేంకటరాజు, తిరుమలరాజు ఆ స్థలాన్ని తిరిగి గెలిచి స్వామికి అప్పగించారట. దాడి జరిగింది 1579లో. గుడిలోని రత్నాలు పొదిగిన విగ్రహాన్ని సుల్తానుకు కానుకగా పట్టుకుపోయారని గోల్కొండ వైపు చరిత్రలోనూ ఉంది.

ఇంతవరకే చదివితే కథ సులువుగా అర్థమైనట్టే ఉంటుంది. ఇంకాస్త లోపలికి వెళితే చిక్కులు మొదలవుతాయి. ఆ దాడికి నాయకత్వం వహించిన సేనాని మురహరి రావు బ్రాహ్మణుడు. అతనితో కలిసిన హండె నాయకులు కూడా హిందువులే. ఇక ఇబ్రహీం కుతుబ్ షా మన కవులకు ‘మల్కిభరాముడు’. అద్దంకి గంగాధర కవి ‘తపతీ సంవరణోపాఖ్యానం’ అంకితమిచ్చింది ఆయనకే. అంతకుముందు 1543లో గోల్కొండలో తండ్రి హత్య జరిగి, అన్న గద్దెనెక్కినప్పుడు ప్రాణాలు అరచేత పెట్టుకుని పారిపోయిన ఈ ఇబ్రహీంకు ఆశ్రయమిచ్చింది విజయనగరమే. అళియ రామరాయల నీడలో ఏడేళ్లు బతికి, 1550లో తిరిగి వెళ్లి సుల్తానయ్యాడు. 1565లో తళ్లికోట యుద్ధంలో ఆ రామరాయల మీదే కత్తి దూశాడు. పదునాలుగేళ్లకు ఆయన సేనలు అహోబిలం చేరాయి.

ఆశ్రయం ఇచ్చినప్పుడు విజయనగరం చూసింది అతని మతాన్ని కాదు, రేపటి గోల్కొండ రాజకీయాన్ని. అహోబిలం మీదికి దండు వచ్చినప్పుడూ భక్తితో పాటు ఖజానా లెక్క, సరిహద్దు లెక్క ఉన్నాయి. గాయపడింది మాత్రం ఆ గుడిని నమ్ముకున్న జనం. మతస్వేచ్ఛ పేరుతో నడిచే ఏ కథలోనైనా ఈ రెండు పాయలూ పక్కపక్కనే పారుతుంటాయి. వాటిని కలిపేస్తే తప్పుడు పాఠం నేర్చుకుంటాం.

కంపెనీవారి లైసెన్సు

కత్తి పోయి కాగితం వచ్చింది ఈస్టిండియా కంపెనీ రోజుల్లో. లండన్‌లోని డైరెక్టర్ల లైసెన్సు లేకుండా ఏ ఆంగ్లేయుడూ ఇండియాలో కాలు పెట్టకూడదు. క్రైస్తవ ప్రచారకులకైతే ఆ లైసెన్సు దాదాపు దొరికేది కాదు. క్రైస్తవ రాజ్యపు కంపెనీ క్రైస్తవ బోధకులను ఎందుకు ఆపిందంటే, వ్యాపారం చెడుతుందన్న భయంతోనే. ఇక్కడి వాళ్ల మతాన్ని కదిలిస్తే సిపాయిలు తిరగబడతారని, పన్నులు రావని వాళ్ల లెక్క. 1806 జులైలో వెల్లూరు సిపాయిల తిరుగుబాటు తర్వాత ఆ భయం రెట్టింపయింది.

అందుకే ఆ రోజుల్లో మిషనరీలు దొడ్డిదారిన వచ్చేవారు. విలియం కేరీ 1793లో డేనిష్ ఓడ ఎక్కి వచ్చి, కొన్నాళ్లు నీలిమందు తోట మేనేజరుగా ఉండి, 1800లో డెన్మార్కు ఏలుబడిలోని శ్రీరాంపూరు చేరాడు. లండన్ మిషనరీ సొసైటీ పంపిన జార్జి క్రాన్, అగస్టస్ డేగ్రాంజస్ కూడా డేనిష్ ఓడలోనే వచ్చి తరంగంబాడిలో దిగారు. 1805లో విశాఖపట్నం చేరారు. లైసెన్సు లేదని కలకత్తాలో తరిమే కంపెనీవారి మనుషులే విశాఖలో వాళ్లను ఆదరించారు. ఆంగ్లేయులకు ప్రార్థనలు నడపడానికి అక్కడ ఒక పాదిరీ అవసరమయ్యాడు మరి. ఆనందరాయర్ అనే తెలుగు పండితుడి సాయంతో వాళ్లు సువార్తల తెలుగు అనువాదానికి పూనుకున్నారు. 1810 నాటికి ఇద్దరూ చనిపోయారు.

అందరికీ అంత అదృష్టం పట్టలేదు. 1812 జూన్‌లో కలకత్తాలో దిగిన అమెరికన్ మిషనరీలను కంపెనీ ప్రభుత్వం వెంటనే వెళ్లిపొమ్మంది. వారిలో అడోనిరామ్ జడ్సన్ ఒకడు. అతను మారిషస్‌కు వెళ్లి, అక్కడి నుంచి మద్రాసు చేరి, మళ్లీ తరిమేస్తారన్న భయంతో రంగూన్ ఓడ ఎక్కేశాడు. తర్వాతి జీవితం దాదాపు అంతా బర్మాలోనే గడిపాడు. మత కారణంతో ఇండియా గడప దగ్గర ఆపబడ్డ తొలి అమెరికన్లు వీళ్లు. 186 ఏళ్ల తర్వాత అమెరికా చేసిన చట్టం గురించి మాట్లాడేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

1813 చార్టర్ చట్టం మిషనరీలకు లైసెన్సు దారి తెరిచింది. 1833 చట్టం దాదాపు అడ్డంకి లేకుండా చేసింది. దాంతో 19వ శతాబ్దం మధ్య నాటికి లండన్ మిషనరీ సొసైటీ నంద్యాలకు, ఎస్.పి.జి. అనే ఆంగ్లికన్ సంఘం చాగలమర్రి దగ్గరి ముత్యాలపాడుకు చేరాయి. నల్లమలకు అవతల నెల్లూరు, ఒంగోలు వైపు అమెరికన్ బాప్టిస్టులు వచ్చారు. తలుపు తెరుచుకున్నాక ఏం జరిగింది? మాల, మాదిగ పల్లెల్లో బడులు లేచాయి, చదువు అందింది. మతమార్పిడి మీద తగవులూ వచ్చాయి. ఈ రెండూ ఒక తలుపులోంచే వచ్చాయి.

నంద్యాల క్రైస్తవులు మాత్రం వచ్చినవాళ్లు చెప్పిందల్లా తలూపలేదు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో పలు సంఘాలు కలిసి దక్షిణ ఇండియా సంఘంగా ఏర్పడినప్పుడు, నంద్యాల ఆంగ్లికన్లలో పెద్ద భాగం మా పద్ధతి మాదేనంటూ చేరలేదు. కలవడానికి పాతికేళ్లకు పైగానే పట్టింది. మతస్వేచ్ఛ అంటే ఇంకో మతం వాళ్ల నుంచి రక్షణ ఒక్కటే అనుకుంటాం. సొంత మతంలోని పెద్దల మాటకు ‘కాదు’ అనగలగడం కూడా అందులో భాగమే.

నంద్యాల నుంచి ఢిల్లీ దాకా

ఇక మన కాలానికి వద్దాం. 1991 జూన్‌లో పి.వి. నరసింహారావు ప్రధాని అయ్యేనాటికి ఆయన ఏ సభలోనూ సభ్యుడు కాదు. ఆళ్లగడ్డ గంగుల కుటుంబానికి చెందిన ప్రతాపరెడ్డి నంద్యాల లోక్‌సభ సీటుకు రాజీనామా చేసి ఆయనకు దారి ఇచ్చారు. తెలుగువాడు ప్రధాని అయ్యాడని ఎన్టీ రామారావు తెలుగుదేశం అభ్యర్థిని నిలపలేదు. బీజేపీ బంగారు లక్ష్మణ్‌ను నిలిపింది. పీవీ 5.8 లక్షల ఓట్ల ఆధిక్యంతో గెలిచారు. అప్పట్లో అది రికార్డు.

1992 డిసెంబరు 6న అయోధ్యలో బాబ్రీ మసీదు కూల్చివేత జరిగిన రోజు దేశ ప్రధాని నంద్యాల ఎంపీయే. ఆ తర్వాతి అల్లర్లు, బొంబాయి నెత్తురు ప్రపంచమంతా చూసింది. అయినా ఏ దేశమూ ఏ భారత నాయకుడికీ ఈ కారణంతో వీసా ఆపినట్టు వినలేదు. మతస్వేచ్ఛను కారణంగా చూపి ఒక అధికారిని రావద్దనే చట్టం అప్పటికి అమెరికాలో లేనే లేదు.

1998 చట్టంలో ఏముంది

ఆ చట్టం పేరు అంతర్జాతీయ మతస్వేచ్ఛ చట్టం. సెనేట్ 98-0 ఓట్లతో ఆమోదించింది. 1998 అక్టోబరు 27న అధ్యక్షుడు క్లింటన్ సంతకం చేశారు. అమెరికాలోని చర్చి సంఘాలు, యూదు సంస్థలు, హక్కుల సంఘాలు కలిసి ఒత్తిడి చేసిన ఫలితం అది. విదేశాంగ శాఖ ఏటా దేశాలవారీగా నివేదిక ఇవ్వాలి. అతి తీవ్ర ఉల్లంఘనలున్న దేశాలను ప్రత్యేక జాబితాలో చేర్చాలి. ప్రభుత్వానికి సలహా ఇవ్వడానికి ఒక స్వతంత్ర కమిషన్ ఉండాలి. వీటితో పాటు వలస చట్టంలో ఒక చిన్న క్లాజు చేరింది. విదేశీ ప్రభుత్వాధికారిగా ఉంటూ మతస్వేచ్ఛను అత్యంత తీవ్రంగా ఉల్లంఘించిన వ్యక్తికి అమెరికాలో ప్రవేశం లేదని అది చెబుతుంది. చిత్రహింసలు, విచారణ లేని దీర్ఘ నిర్బంధం, మనుషులను మాయం చేయడం, ప్రాణానికీ స్వేచ్ఛకూ భద్రతకూ ఉన్న హక్కును బాహాటంగా కాలరాయడం లాంటివి ఈ కోవలోకి వస్తాయి.

మామూలు మనిషి ఎంత మతద్వేషి అయినా ఈ క్లాజు అతన్ని పట్టదు. అధికారంలో ఉన్నవాడినే పడుతుంది. కోర్టులో నేరం రుజువు కానక్కర్లేదు, అధికారికి నమ్మకం కుదిరితే చాలు. మొదట్లో ఒక గడువు కూడా ఉండేది: గడిచిన 24 నెలల్లో జరిగిన ఉల్లంఘనలే లెక్కలోకి వస్తాయి. 2004 డిసెంబరులో ఇంటెలిజెన్స్ వ్యవస్థ సంస్కరణ కోసం చేసిన పెద్ద చట్టంలో ఆ గడువును ఎత్తేసి ‘ఎప్పుడైనా’ అని మార్చారు. మూడు నెలలకే ఆ ఒక్క మాట పనిలోకి వచ్చింది.

2005 మార్చి 18

2002 ఫిబ్రవరి 27న గోధ్రాలో సబర్మతి ఎక్స్‌ప్రెస్ బోగీ తగలబడి 59 మంది చనిపోయారు. ఆ తర్వాత గుజరాత్‌లో చెలరేగిన అల్లర్లలో 790 మంది ముస్లింలు, 254 మంది హిందువులు చనిపోయారని కేంద్ర ప్రభుత్వం 2005లో పార్లమెంటుకు చెప్పింది. అప్పటి ముఖ్యమంత్రి నరేంద్ర మోదీ. ఢిల్లీలో వాజపేయి ప్రభుత్వాన్ని బయటి నుంచి బలపరుస్తున్న తెలుగుదేశం, మోదీని మార్చాలని తీర్మానించింది. ఆ పార్టీ తరఫున నంద్యాల ఎంపీగా ఉన్నది ఆళ్లగడ్డ నాయకుడు భూమా నాగిరెడ్డి. అయితే లోక్‌సభలో గుజరాత్ మీద ఓటింగు వచ్చినప్పుడు తెలుగుదేశం సభ నుంచి వెళ్లిపోయింది. ప్రభుత్వం గెలిచింది. మాటలో నిరసన, ఓటులో మౌనం.

మూడేళ్లకు, 2005 మార్చిలో, ఆసియా సంతతి హోటల్ యజమానుల సంఘం మోదీని ఫ్లోరిడాకు ఆహ్వానించింది. న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఇంకో సభ. ప్రవాస భారతీయుల్లోనే ఇంకో వర్గం, హక్కుల సంఘాలు రానివ్వొద్దని ఉద్యమించాయి. ప్రతినిధుల సభలో డెమోక్రాట్ జాన్ కోన్యర్స్, రిపబ్లికన్ జోసెఫ్ పిట్స్ కలిసి తీర్మానం పెట్టారు. మార్చి 18న అమెరికా రెండు నిర్ణయాలు ప్రకటించింది. దౌత్య పని మీద రావడం లేదు కాబట్టి దౌత్య వీసా ఇవ్వడం లేదు. అంతకుముందే ఉన్న టూరిస్టు, బిజినెస్ వీసాను మతస్వేచ్ఛ క్లాజు కింద రద్దు చేస్తున్నాం.

భారత విదేశాంగ శాఖ అమెరికా దౌత్యవేత్తను పిలిపించి నిరసన చెప్పింది. అప్పుడు కేంద్రంలో ఉన్నది కాంగ్రెస్. మోదీకి బద్ధ ప్రత్యర్థి అయిన పార్టీ ప్రధాని మన్మోహన్ సింగ్ రాజ్యసభలో లేచి, కోర్టు తేల్చని ఆరోపణల మీద ఎన్నికైన ముఖ్యమంత్రికి వీసా ఆపడం సరికాదన్నారు. పునరాలోచించమని అడిగితే, మార్చి 21న అమెరికా తన నిర్ణయం అదేనని మళ్లీ చెప్పింది. మోదీ న్యూయార్క్ సభకు వీడియోలో ప్రసంగించారు.

ఇలాంటి సందర్భమే 2013 జులైలో ఇంకోటి వచ్చింది. మోదీకి వీసా ఇవ్వొద్దని ఒబామాకు 65 మంది ఎంపీలు రాసినట్టు చెప్పిన లేఖలు బయటపడ్డాయి. ఆ సంతకాల్లో సీతారాం ఏచూరి పేరు కూడా ఉంది. మోదీ రాజకీయాలను జీవితాంతం ఎదిరించిన ఈ తెలుగు కమ్యూనిస్టు నాయకుడు, ఆ సంతకం తనది కాదన్నారు. మన దేశపు సంగతిలో తీర్పు చెప్పమని అమెరికాను అడిగే పని తాను చేయనన్నారు. ఆయన ఆ మాట అన్నారంటే మోదీని వెనకేసుకొచ్చినట్టు కాదు. తేల్చుకోవాల్సిన చోటు ఇది కాదన్నారు.

ఇటు మన కోర్టుల్లో కేసు నడుస్తూనే ఉంది. సుప్రీంకోర్టు నియమించిన ప్రత్యేక దర్యాప్తు బృందం 2012లో, మోదీ మీద విచారణకు తగిన ఆధారాలు లేవని నివేదించింది. 2013 డిసెంబరులో అహ్మదాబాద్ కోర్టు ఆ నివేదికను సమర్థించింది. 2022 జూన్‌లో సుప్రీంకోర్టు కూడా అల్లర్ల బాధితురాలు జకియా జాఫ్రీ అప్పీలును కొట్టేసింది. అమెరికా మాత్రం ఈ తీర్పుల కోసం ఆగినట్టు కనిపించదు. 2014 ఎన్నికల గాలి ఎటు వీస్తోందో చూసి ఫిబ్రవరిలోనే అమెరికా రాయబారి నాన్సీ పావెల్ గాంధీనగర్ వెళ్లి మోదీని కలిశారు. మే 16న ఫలితాలు రాగానే ఒబామా ఫోన్ చేసి ఆహ్వానించారు. సెప్టెంబరు 28న అదే మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ప్రధాని మోదీ మాట్లాడారు. 2002లో ఆయనను మార్చాలన్న తెలుగుదేశం అప్పటికే ఆయనతో పొత్తులో ఉంది.

మతస్వేచ్ఛ క్లాజు కింద వీసా పోయినట్టు బయటకు తెలిసిన మనిషి ప్రపంచం మొత్తంలో ఈయన ఒక్కరే. వీసా రికార్డులు రహస్యం కాబట్టి తెలియనివారు ఉండొచ్చు. ఆ తర్వాత అమెరికా ఇలాంటి నిషేధాలకు వేరే చట్టాలు వాడుకుంది. రోహింగ్యాల ఊచకోత విషయంలో 2019 జులైలో బర్మా సేనాధిపతి మిన్ ఆంగ్ లైంగ్‌కు, ఫాలున్ గాంగ్ సాధకుల నిర్బంధం విషయంలో 2021లో చైనా అధికారి యూ హుయ్‌కి ప్రవేశం నిషేధించింది. చమురు దేశాల రాజులకూ యువరాజులకూ ఈ తలుపు మూసినట్టు మాత్రం వినలేదు.

మన తలుపు కూడా

మనమేమీ తక్కువ తినలేదు. 1998 చట్టంతో పుట్టిన ఆ కమిషన్ సభ్యులు ఇక్కడి పరిస్థితి చూడటానికి వస్తామంటే భారత్ 2009లో వీసాలు ఇవ్వలేదు, 2016లోనూ ఇవ్వలేదు. అంటే యూపీఏ హయాంలో ఒకసారి, ఎన్డీఏ హయాంలో ఒకసారి. భారత పౌరుల రాజ్యాంగ హక్కుల గురించి తీర్పు చెప్పే అర్హత విదేశీ సంస్థకు లేదని విదేశాంగ మంత్రి జైశంకర్ 2020 జూన్‌లో ఒక ఎంపీకి రాసిన లేఖలో తేల్చేశారు.

మిషనరీల విషయంలోనూ తాళంచెవి మన ప్రభుత్వం చేతిలోనే ఉంది. బెల్జియం దేశస్థుడు లూయీ డి రేట్ 1937 నుంచి ఇక్కడే ఉన్న మిషనరీ. దేశం విడిచి వెళ్లమంటే సుప్రీంకోర్టుకెళ్లాడు. 1991 జులైలో కోర్టు చెప్పింది ఇది: ప్రాణానికీ స్వేచ్ఛకూ రక్షణ విదేశీయుడికీ ఉంటుంది, కానీ ఈ దేశంలో నివసించి స్థిరపడే హక్కు పౌరుడిదే. మన రాజ్యాంగం 25వ అధికరణ అంతఃకరణ స్వేచ్ఛను ‘పౌరులందరికీ’ అనలేదు, ‘వ్యక్తులందరికీ’ అంది. గడప లోపలికి వచ్చిన విదేశీయుడికీ తన దేవుణ్ణి కొలుచుకునే హక్కు ఉంది. గడప దాటే హక్కు మాత్రం లేదు.

ఎవరి మాట చెల్లింది

నాలుగు వందల ఏళ్లకు పైబడిన కథను ఒక్కచోట పెట్టి చూస్తే ఒక సంగతి తేలుతుంది. విజయనగరం ఇబ్రహీంకు ఆశ్రయమిచ్చినప్పుడైనా, కంపెనీ జడ్సన్‌ను తరిమినప్పుడైనా, అమెరికా మోదీని ఆపి మళ్లీ పిలిచినప్పుడైనా, భారత్ కమిషన్‌ను రానివ్వనప్పుడైనా, చెప్పిన కారణం ధర్మం. నిర్ణయం చేసింది అవసరం. అలాగని ఇలాంటి చట్టాలు పనికిరానివని కొట్టిపారేయలేం. తన దేశంలో ఎదురులేని ఒక అధికారికి, పరాయి దేశంలో ఒక ఫారం మీద అడ్డుపడే ప్రశ్న ఉందని తెలియడం ఎంతో కొంత జంకు పుట్టిస్తుంది. బాధితుల మాట ఎక్కడో ఒక రికార్డుకెక్కుతుంది.

దాన్ని న్యాయం అనుకోవడమే పొరపాటు. వీసా నిరాకరించడం శిక్ష కాదు, ఎత్తేయడం నిర్దోషిత్వానికి సర్టిఫికెట్టూ కాదు. నిందితుడికి తన వాదన చెప్పుకునే చోటు అక్కడ లేదు, బాధితుడికి పరిహారమూ లేదు. అహోబిలం తిరిగి చేతికొచ్చింది దాన్ని తమదనుకున్నవాళ్లు పూనుకుంటేనే. నంద్యాల ఆంగ్లికన్లు తమ ప్రార్థన పద్ధతిని నిలుపుకున్నదీ ఏ పరాయి ప్రభుత్వం అండతోనూ కాదు. మన ఊళ్లో మసీదు ముందు, చర్చి ముందు, గుడి ముందు గొడవ జరిగితే మొదట తేల్చాల్సింది మన పోలీస్ స్టేషన్, మన కోర్టు, మన ఓటు. అవి పనిచేసిన చోట పరాయి దేశపు వీసా అధికారికి పని ఉండదు. అవి పనిచేయని చోట ఆయన చేయగలిగేదీ పెద్దగా ఉండదు.

(వచ్చే వారం: మారిషస్, ఫిజీ, నేటాల్ చెరకు తోటలకు వెళ్లిన తెలుగు కూలీల కథ.)